పాత క్యాసెట్లు, సీడీలు, ప్లేట్లు: ముందు దేన్ని కాపాడుకోవాలి, ఎలా

1989 వేసవిలో మా తాతగారు అరుగు మీద కూర్చుని భాగవత పద్యాలు చదువుతుంటే, మా నాన్న టూ-ఇన్-వన్ ఎదురుగా పెట్టి ఓ అరవై నిమిషాల క్యాసెట్లో రికార్డు చేశారు. 2004లో, "క్యాసెట్లు ఇంకెన్నాళ్ళుంటాయి, సీడీ అయితే శాశ్వతం" అనుకుని దాన్ని సీడీలోకి ఎక్కించాం. ఆరు కాపీలు తీసి బాబాయిలకీ అత్తయ్యలకీ తలొకటి ఇచ్చాం. పోయిన ఏడాది తాతగారి తద్దినం రోజున అందరికీ వినిపిద్దామని చూస్తే ఆ ఆరు సీడీల్లో ఒక్కటీ తెరుచుకోలేదు. క్యాసెట్ పలికింది. గొంతు కాస్త మసకబారింది, ఒకచోట టేపు నలిగి రెండు మాటలు పోయాయి. మిగతా పద్యాలన్నీ అలాగే ఉన్నాయి.

డిస్కు ఎక్కువ కాలం మన్నుతుందా, టేపా అని అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేం. డిస్కుల్లోనే మూడు జాతులున్నాయి, మూడింటి ఆయుష్షూ వేరు. కాపాడుకునే వరస మాత్రం గట్టిగా చెప్పగలను. ఇంట్లోనో షాపులోనో రాయించుకున్న సీడీలు మొదట. తర్వాత క్యాసెట్లు. ఆ తర్వాత కంపెనీవాళ్ళు అచ్చేసి అమ్మిన సీడీలు. గ్రామఫోను ప్లేట్లు అన్నిటికన్నా చివర. పాతవి ముందు పాడవుతాయని మనం అనుకుంటాం కదా, ఇక్కడ లెక్క దాదాపు తలకిందులు.

ఇంకో సంగతి కూడా మనసులో పెట్టుకోండి. కంపెనీ పాటలు ఎక్కడో ఒకచోట మళ్ళీ దొరుకుతాయి. అమ్మమ్మ పాడిన మంగళహారతి, ఊరి తిరునాళ్ళలో పట్టిన హరికథ, గల్ఫ్ నుంచి మావయ్య ఉత్తరం బదులు మాట్లాడి పంపిన క్యాసెట్ లోకంలో ఒక్కటే ఉంటాయి. ప్రతి రకంలోనూ ముందు అలాంటివాటిని పక్కకి తీయండి.

మొదటి పని: అన్నీ ఒకచోట పోగేయడం

అటక, బీరువా అడుగు అర, టీవీ స్టాండు సొరుగు, కారు డ్యాష్‌బోర్డు, ఊళ్ళో పాత ఇంట్లో ట్రంకుపెట్టె. అన్నీ వెతికి ఒక దుప్పటి మీద పరచండి. ప్రతిదానికీ ఒక నంబరు ఇచ్చి పుస్తకంలో రాసుకోండి: నంబరు, రకం, పైన ఏం రాసి ఉంది, ఎవరి గొంతో తెలిస్తే ఆ పేరు. సీడీ మీద మాత్రం స్టిక్కరు అంటించకండి, బాల్‌పెన్నుతో రాయకండి. కారణం కింద చెప్తాను. నంబరు డబ్బా మీద వేస్తే చాలు.

ఈ పనిలో ఇంట్లో పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోండి. "ఇది మీ పెదనాన్న పెళ్ళిలో సన్నాయి" అని చెప్పగలిగేవాళ్ళు వాళ్ళే. ఆ మాట ఏ క్యాసెట్ మీదా రాసి ఉండదు.

రెండో పని: ఏది ఏ జాతో గుర్తుపట్టడం

సీడీని తిప్పి అడుగు చూడండి. తెల్లగా వెండిలా మెరుస్తుంటే అది ఫ్యాక్టరీలో అచ్చు పోసిన సీడీ. ఆకుపచ్చ, నీలం, లేత బంగారు ఛాయ కనిపిస్తే అది రాయించుకున్న సీడీ, అంటే సీడీ-ఆర్. చూపుకి రెండూ కవలలే. లోపల మాత్రం పోలికే లేదు. అచ్చు సీడీలో పాట ప్లాస్టిక్‌లోనే గుంటలుగా పడి ఉంటుంది. సీడీ-ఆర్‌లో ఒక రంగు పూత ఉంటుంది, లేజరు ఆ రంగుని మచ్చలు మచ్చలుగా మార్చి పాటని రాస్తుంది. చీర రంగు ఎండకి వెలిసినట్టే ఆ రంగూ వెలుతురుకీ వేడికీ మారిపోతుంది. నెలల తరబడి కారు అద్దం కింద పడి ఉన్న సీడీ-ఆర్ మీద ఆశ పెట్టుకోకండి. కొన్ని కంపెనీలు పెట్టె మీద వందేళ్ళని రాశాయి, కానీ మన మే నెల ఎండనీ డాబా ఇంటి అటకనీ ఊహించుకుని రాసిన మాట కాదది.

క్యాసెట్ మీద 60, 90, 120 అని ఉంటుంది. నిమిషాలు పెరిగేకొద్దీ అదే గుల్లలో ఎక్కువ టేపు పట్టించాలి కాబట్టి టేపు పల్చనవుతుంది. 60లో మందం సుమారు 16 నుంచి 18 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 90లో 12 లోపు, 120లో 9. అందుకే 120 క్యాసెట్లే ఎక్కువగా సాగుతాయి, రోలరుకి చుట్టుకుంటాయి. వాటిని తిరిగి చుట్టేటప్పుడు తొందరపడకండి.

ప్లేట్లలో బరువుగా, గాజులా పెళుసుగా ఉన్నవి నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క ప్లేట్లు. కాస్త వంగేవి 33, 45 చుట్ల వినైల్ రికార్డులు.

మూడో పని: రాయించుకున్న సీడీలు, ఈ వారంలోనే

ఎందుకింత తొందరంటే, డిస్కు చచ్చిపోయే తీరు వేరు. టేపు మీద శబ్దం పొడుగునా పరుచుకుని ఉంటుంది. 60 నిమిషాల క్యాసెట్లో దాదాపు 90 మీటర్ల టేపు. అందులో అయిదు సెంటీమీటర్లు నలిగితే ఒక సెకను పోతుంది, మిగతాది పలుకుతుంది. సీడీ అలా కాదు. దానికి లోపలి అంచున ఒక విషయసూచిక ఉంటుంది, ప్లేయరు ముందు దాన్ని చదివితేనే మిగతావాటి జోలికి వెళ్తుంది. ఆ సన్నటి చుట్టు పాడైతే పాటలన్నీ క్షేమంగా ఉన్నా సీడీ తెరుచుకోదు. పైగా సీడీకి తప్పుల్ని తనే సరిదిద్దుకునే ఏర్పాటుంది. సుమారు 2.5 మిల్లీమీటర్ల పొడవున డేటా చెరిగిపోయినా పక్కనున్న అంకెల్ని బట్టి లెక్కగట్టి పూరించేస్తుంది. ఇది గొప్ప ఏర్పాటే, కానీ లోపల ఎంత పాడైందో మనకి తెలియనివ్వదు. చివరి రోజు దాకా శుభ్రంగా పలికి, ఆ హద్దు దాటగానే ఒక్కసారి మూగబోతుంది. క్యాసెట్ గొంతు మసకబారి ముందే హెచ్చరిస్తుంది.

చేయాల్సింది ఇది. కంప్యూటరుకి ఒక సీడీ డ్రైవు సంపాదించండి. కొత్త ల్యాప్‌టాపుల్లో లేదు కాబట్టి యూఎస్‌బీతో పెట్టుకునేది కొనండి, లేదా మూలపడిన పాత డెస్క్‌టాప్ బయటికి తీయండి. నా అనుభవంలో పాత రైటర్ డ్రైవులు పాత సీడీల్ని బాగా చదువుతాయి. ఒక డ్రైవులో రాకపోతే రెండో దాంట్లో, మూడో దాంట్లో పెట్టి చూడకుండా సీడీని పారేయకండి. మా తాతగారి ఆరు సీడీల్లో ఒకటి చివరికి నాలుగో డ్రైవులో సగం దాకా తెరుచుకుంది. రాసినప్పుడు ఫైనలైజ్ చేయకుండా, అంటే రాయడం పూర్తయిందని చివర్లో ముగింపు పలకకుండా వదిలేసిన సీడీ మామూలు ప్లేయరులో అసలు రాదు, కంప్యూటరు రైటర్‌లో రావచ్చు.

పాటల సీడీ అయితే విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, లినక్స్‌లో సీడీ పారనోయా అనే సాఫ్ట్‌వేర్లు వాడండి. ఇవి తేడా వచ్చిన చోట మళ్ళీ మళ్ళీ చదివి సరిపోల్చుకుంటాయి. మామూలు ప్లేయరు తప్పు దొరికిన చోట పక్క శబ్దాన్ని సాగదీసి కప్పేసి ముందుకెళ్ళిపోతుంది. ఎంపీ3 ఫైళ్ళు రాసిన సీడీ అయితే అది డేటా సీడీ. దానికి అదనపు రక్షణ ఉంది కానీ అలా కప్పిపుచ్చడం ఉండదు, ఫైలు వస్తే వస్తుంది లేకపోతే లేదు. మొండికేసిన డేటా సీడీకి డీడీరెస్క్యూ అనే ఉచిత సాధనం ఉంది. చదవగలిగినంత ముందు లాగేసి, కష్టమైన చోట్లకి తర్వాత తిరిగి వస్తుంది. ఆ పని రాత్రంతా నడవనివ్వండి.

తుడవాల్సి వస్తే మెత్తటి పొడి బట్టతో నడిమి నుంచి అంచుకి నేరుగా తుడవండి. గుండ్రంగా తిప్పి తుడిస్తే పడే గీత పాట దారి వెంబడే పడుతుంది, దాన్ని సరిదిద్దడం డిస్కుకి కష్టం. అడుగున పడ్డ గీతకి భయపడక్కర్లేదు, అక్కడ 1.2 మిల్లీమీటర్ల మందాన ప్లాస్టిక్ ఉంది, గీతని నునుపు చేయించవచ్చు కూడా. అసలు ప్రమాదం పైవైపు. పేరు రాసే వైపు, పల్చటి లక్కరు పూత కిందే, మైక్రాన్‌లో పదో వంతు కూడా లేని లోహపు పొర ఉంటుంది. బాల్‌పెన్ను మొన నొక్కినా, స్టిక్కరు పీకినా అది ఊడొస్తుంది. ఊడితే దానికి మందు లేదు. సీడీని బల్బుకి అడ్డంగా పట్టి చూడండి, సూదిమొనంత కన్నాలు కనిపిస్తే ఆ సీడీని వరసలో అందరికంటే ముందుకి తెచ్చుకోండి.

నాలుగో పని: క్యాసెట్లు

ముందు ఒక చిన్న పని. క్యాసెట్ వెనక అంచున రెండు మూలలా రెండు ప్లాస్టిక్ బిళ్ళలుంటాయి. రెండూ విరిచేయండి. ఇక ఎవరు పొరపాటున ఎర్ర బటన్ నొక్కినా దాని మీద రికార్డు కాదు. ఈ ఒక్కటి చేయక గొంతులు పోగొట్టుకున్న ఇళ్ళు నాకు తెలుసు.

తర్వాత కిటికీ వెలుతుర్లో టేపు చుట్ట అంచు చూడండి. గోధుమరంగులో నున్నగా ఉంటే మంచిది. తెల్లటి పొడి, సాలెగూడులాంటి మచ్చలు ఉంటే అది బూజు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఇళ్ళలో ఇది మామూలు, సముద్రపు తేమకి టేపు పూతా గుల్లా రెండూ బూజుకి తావిస్తాయి. బూజు క్యాసెట్‌ని మంచివాటితో కలిపి ఉంచకండి, మంచి డెక్‌లో (క్యాసెట్ ప్లే చేసే యంత్రంలో) పెట్టకండి. ఒక జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లాలతో పాటు వారం రోజులుంచి ఆరనివ్వండి. తర్వాత ఆరుబయట, ముక్కుకి మాస్కు కట్టుకుని, పెన్సిలుతో నెమ్మదిగా తిప్పుతూ టేపుని మెత్తటి పొడి గుడ్డ మడతలోంచి జారనివ్వండి. గుడ్డ మార్చుకుంటూ రెండు సార్లు చేస్తే చాలావరకు రాలిపోతుంది. ఎండలో మాత్రం పెట్టకండి.

క్యాసెట్ ముందు భాగంలో, మధ్యన చిన్న రాగిరంగు రేకు మీద స్పాంజి ముక్క ఉంటుంది. టేపుని హెడ్‌కి, అంటే దాని మీది శబ్దాన్ని చదివే భాగానికి, ఆనించి పట్టేది అదే. పాత క్యాసెట్లలో దాని జిగురు ఎండి ఊడిపోతుంది, అప్పుడు శబ్దం లోతుగా, బావిలోంచి వచ్చినట్టుంటుంది. చాలామంది అది విని టేపు పోయిందనుకుని క్యాసెట్ పారేస్తారు. టేపుకేం కాలేదు. స్క్రూలున్న మరో క్యాసెట్ గుల్ల విప్పి రీళ్ళు అందులోకి మార్చండి. గుల్ల స్క్రూలు లేకుండా అతికించి ఉంటే అతుకు వెంట బ్లేడుతో జాగ్రత్తగా తెరవాలి. టేపు తెగితే స్ప్లైసింగ్ టేపు అని ప్రత్యేకంగా దొరుకుతుంది, దానితోనే అతకండి. ఇంట్లో సెల్లోటేపు వాడితే జిగురు కారి పక్క చుట్లకీ హెడ్‌కీ పట్టుకుంటుంది.

ఇక డెక్. వీలైతే పాత మంచి క్యాసెట్ డెక్ సంపాదించి బెల్టు మార్పించండి. చవకగా దొరికే యూఎస్‌బీ వాక్‌మన్‌లలో వేగం నిలకడగా ఉండదు, తంబూర శ్రుతి కూడా ఊగుతుంది. ప్రతి రెండు క్యాసెట్లకీ హెడ్‌ని ఇయర్‌బడ్‌తో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. రబ్బరు రోలరుకి సబ్బునీళ్ళలో ముంచి పిండిన గుడ్డ చాలు. ప్లే చేసే ముందు క్యాసెట్‌ని ఒకసారి చివరిదాకా, మళ్ళీ మొదటిదాకా చుట్టండి. ఏళ్ళ తరబడి అంటుకున్న చుట్లు విడిపోతాయి.

ఆ తర్వాతది చాలామంది వదిలేసే పని, అందరికంటే ఎక్కువ ఫలితమిచ్చేదీ అదే. హెడ్ పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పితే హెడ్ వాలు మారుతుంది. మీ క్యాసెట్‌ని 1989లో రికార్డు చేసిన టూ-ఇన్-వన్ హెడ్ వాలూ, ఇప్పటి డెక్ హెడ్ వాలూ ఒకటి కావు. అందుకే గొంతు దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. స్క్రూ ఇప్పుడెక్కడుందో గుర్తు పెట్టుకుని, క్యాసెట్ నడుస్తుండగా వెంట్రుకవాసి చొప్పున తిప్పండి. "స", "శ" లాంటి అక్షరాలు బాగా విచ్చుకునే చోట ఆపండి. మా తాతగారి గొంతులో మసక ముప్పావు వంతు ఈ ఒక్క స్క్రూతో పోయింది.

డెక్ లైన్-అవుట్ నుంచి కంప్యూటరు లైన్-ఇన్‌కి వైరు కలపండి. చాలా ల్యాప్‌టాపులకి ఉన్న ఒకే రంధ్రం మైకు కోసం, అందులో పెడితే శబ్దం పగిలిపోతుంది. లైన్-ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనండి. గుయ్యిమని హమ్మింగ్ వస్తే ల్యాప్‌టాప్ చార్జరు పీకి బ్యాటరీ మీద నడిపి చూడండి, చాలాసార్లు పోతుంది. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టి, పెద్ద శబ్దాలు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకుని రికార్డు చేయండి. ఇంట్లో రికార్డు చేసిన క్యాసెట్లకి డాల్బీ (టేపు గరగర తగ్గించే ఏర్పాటు) బటన్ ఆపేయండి. మోనో క్యాసెట్ అయినా స్టీరియోలోనే తీసుకోండి, ఎడమ, కుడి ఛానెళ్ళలో బాగున్నదాన్ని తర్వాత ఎంచుకోవచ్చు. గంటకి సుమారు ఒక జీబీ అవుతుంది, ఫ్లాక్‌గా (నాణ్యత పోకుండా కుదించే ఫైలు రకం) దాస్తే దాదాపు సగం. తీసిన మొదటి ఫైలుని శుభ్రం చేయకుండా అలాగే దాచండి. గరగర తీసేయడం లాంటివి కాపీ మీద చేసుకోండి.

దీనికి అడ్డదారి లేదు. తొంభై నిమిషాల క్యాసెట్‌కి తొంభై నిమిషాలు పడుతుంది. అలాంటివి వందుంటే నూటయాభై గంటలు. రోజుకొకటి పెట్టుకుంటే మూడున్నర నెలల్లో అయిపోతుంది.

గుల్ల లేకుండా విడి చక్రానికి చుట్టిన రీల్ టేపులున్నవాళ్ళకి ఒక హెచ్చరిక. 1970, 80ల నాటి కొన్ని రీళ్ళలో పూతని పట్టి ఉంచే జిగురు తేమ పీల్చి బంకలా మారుతుంది. ప్లే చేస్తే కీచుమంటుంది, హెడ్ మీద గోధుమరంగు మడ్డి పేరుకుంటుంది. వెంటనే ఆపేయండి. వాటిని 54 డిగ్రీల దగ్గర గంటల తరబడి వేడి చేసి ఒకసారి పలికించే పద్ధతి ఉంది కానీ, ఇంట్లో ఓవెన్‌లో ప్రయత్నించకండి. అది చేసినవాళ్ళకే ఇవ్వండి.

టేపు దగ్గర ఆలస్యం చేయొద్దనడానికి అసలు కారణం టేపు కాదు, యంత్రం. ప్రపంచమంతా టేపు భాండాగారాల విషయంలో యునెస్కో 2019లో అంతర్జాతీయ ధ్వని భాండాగారాల సంఘంతో కలిసి ఒక హెచ్చరిక మొదలుపెట్టింది: 2025 ప్రాంతానికి ప్లే చేసే యంత్రాలూ, వాటి విడిభాగాలూ దొరకడం గగనమవుతుందని. మన ఊళ్ళలో టేపు రికార్డర్లు బాగుచేసే మెకానిక్కుల్ని లెక్కపెట్టి చూడండి. మీకు తెలిసినవారు ఒకరున్నా ఈ నెలలోనే మీ డెక్ తీసుకెళ్ళండి.

అయిదో పని: కంపెనీ సీడీలు

వీటికి కంగారు లేదు. మంచి చోట ఉంచిన అచ్చు సీడీలు, 1980ల నాటివి కూడా, ఇప్పటికీ హాయిగా పలుకుతున్నాయి. 1988 నుంచి 1993 దాకా ఇంగ్లండ్ బ్లాక్‌బర్న్‌లోని పీడీఓ ఫ్యాక్టరీలో తయారైన సీడీలు కొన్ని కంచు రంగుకి తిరిగి పోయాయి. కవరు కాగితంలోని గంధకం పూత దాటి లోపలి వెండిని తినేసింది. విదేశాల్లో కొన్న ఆ కాలపు సీడీలుంటే అంచులు గమనించండి. మిగతావి వీలున్నప్పుడు కాపీ చేసుకోండి.

ఆరో పని: ప్లేట్లు

లక్క ప్లేట్లు నిజంగా లక్కే. ఛోటా నాగపూర్ అడవుల లక్క ప్రపంచమంతటి గ్రామఫోను ప్లేట్లలోకి వెళ్ళింది. 1908లో కలకత్తా సియాల్దాలో గ్రామఫోన్ కంపెనీ ఫ్యాక్టరీ కూడా వెలిసింది. కిందపడితే పగలడం తప్ప ఈ ప్లేటుకి పెద్ద జబ్బు లేదు. శబ్దం గాడిలో కంటికి కనిపించేలా ఉంది, చదవడానికి ఏ విషయసూచికా అక్కర్లేదు.

రెండే జాగ్రత్తలు. లక్క ప్లేటుని స్పిరిట్‌తో తుడవకండి, లక్క ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క మెత్తటి లిక్విడ్ సోపు కలిపి, మధ్య కాగితం తడవకుండా, గాడి వెంబడే తుడిచి ఆరబెట్టండి. రెండోది ముల్లు. 78కి దాదాపు 70 మైక్రాన్ల ముల్లు కావాలి, వినైల్ ముల్లు 18 మైక్రాన్లే. సన్నది పెడితే గాడి అడుగున దుమ్ములో దొర్లి చెవులు హోరెత్తిస్తుంది. పాత తాళం పెట్టె గ్రామఫోను మీద ఉక్కు ముల్లుతో ఇష్టమైన ప్లేటు పదేపదే పెట్టకండి, ప్రతి వాయింపుకీ గాడి అరుగుతుంది. వినైల్‌ని అసలు దాని మీద పెట్టనే కూడదు.

ఏడో పని: తిరిగి ఎక్కడ పెట్టాలి

అటక వద్దు, వంటింటి గోడ వద్దు. స్లాబు కింద వేసవి వేడి వినైల్‌ని వంచేస్తుంది, సీడీ-ఆర్ రంగుని చంపేస్తుంది. నేల నుంచి కాస్త ఎత్తులో, లోపలి గదిలో, చెక్క బీరువా మధ్య అర మంచిది. అన్నిటినీ పుస్తకాల్లా నిలబెట్టండి, ప్లేట్లని ఒకదాని మీద ఒకటి పేర్చకండి. క్యాసెట్లని స్పీకరు అయస్కాంతానికి ఓ అడుగు దూరంలో ఉంచండి. బట్టల్లో వేసే కలరా ఉండలు మాత్రం ఆ బీరువాలో వేయకండి. ఆ ఆవిరికి క్యాసెట్ గుల్లలూ సీడీ డబ్బాలూ చేసే పాలిస్టైరిన్ మెత్తబడి జిగురవుతుంది. సిలికా జెల్ వేసి, ముసురు పట్టే నెలల్లో మార్చండి. ఏడాదికోసారి, సంక్రాంతి శుభ్రాలప్పుడు, ప్రతి క్యాసెట్‌నీ ఒకసారి చుట్టి పెట్టండి.

తీసిన ఫైళ్ళు ఒక హార్డ్ డిస్కులో ఒకటి, ఇంకో హార్డ్ డిస్కులో రెండోది, మూడోది వేరే ఊళ్ళో ఉన్న చెల్లెలి దగ్గరో ఆన్‌లైన్‌లోనో. పెన్‌డ్రైవ్ ఇచ్చిపుచ్చుకోవడానికి సరే, దాచుకోవడానికి కాదు. ఏటా ఒకసారి ఫైళ్ళు తెరిచి వినండి, అయిదారేళ్ళకి హార్డ్ డిస్కు మార్చండి.

అన్నీ ఎక్కించాక క్యాసెట్లు పారేయొద్దు. 2004లో మేము అదే చేయబోయాం. పాత సామానువాడికి వేయడానికి కట్టిన మూటలోంచి మా అమ్మ ఆ ఒక్క క్యాసెట్ తీసి తన దేవుడి పుస్తకాల మధ్య పెట్టుకుంది. ఇప్పుడు మా దగ్గరున్న తాతగారి గొంతు ఆ క్యాసెట్లోంచి వచ్చిందే.